సగం మెట్ల దాకా

అతను నడిచే వచ్చాడు. చొక్కా నిండా మసి. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటీ లేదు. పక్కింట్లో మంటలు లేస్తే రెండో అంతస్తు నుంచి ఒక పాపను ఎత్తుకొచ్చాడట. ఆమె నాయనమ్మ కోసం మళ్లీ ఎక్కి, సగం మెట్ల నుంచి దిగి వచ్చేశాడు.

"నాకేం కాలే సారూ, ముసలమ్మను చూడండి" అన్నాడు. గొంతు బొంగురు పోయింది. ముక్కులో వెంట్రుకలు మాడాయి. ఉమ్మి నల్లగా ఉంది. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ మాత్రం 98 చూపిస్తోంది. పొగలోంచి వచ్చిన మనిషి విషయంలో ఆ అంకెను నమ్మకూడదు. రక్తం మోస్తున్నది ఆక్సిజనో, కార్బన్ మోనాక్సైడో దానికి తెలియదు. ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాపుతో గొంతు మూసుకుపోకముందే గొట్టం వేసి, పూర్తి ఆక్సిజన్ పెట్టాం. అతను బతికాడు. ముసలమ్మను ఫైర్ సిబ్బంది దించేసరికే ప్రాణం పోయింది.

గొట్టం తీసిన రోజు అతను మొదట అడిగింది ఇదే: "ఇంకో నాలుగు మెట్లు ఎక్కితే అందేదా సారూ?"

ఎందుకు తిరిగొచ్చావని అడిగాను. "తడి తువ్వాలు కట్టుకునే పోయిన. కాళ్లు తేలిపోయినయ్. ఎటు పోతున్ననో సమజ్ కాలే."

తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. వాసన లేదు, రంగు లేదు. ఊపిరి కన్నా ముందు తెలివిని తీసుకుపోతుంది. ఇక చాలు, దిగిపోదాం అని అనుకోవాల్సిన బుర్రే మొద్దుబారుతుంది. అందుకే ఎక్కాలా వద్దా అన్నది మొదటి మెట్టు దగ్గరే తేల్చుకోవాలి, లోపలికి పోయాక చూద్దామంటే కుదరదు.

సికింద్రాబాద్‌లో మెట్లే పొగగొట్టాలవుతున్నాయి. 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర రూబీ లాడ్జిలో జరిగింది అదే. ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలింది కింద, పొగ ఎక్కింది పైన గదుల్లోకి. ఎనిమిది మంది పోయారు. ఆరు నెలలు తిరిగాయో లేదో, 2023 మార్చి 16న, స్వప్నలోక్ కాంప్లెక్స్ ఐదో అంతస్తులో ఆరుగురు చనిపోయారు. ఉద్యోగం కోసం నగరానికొచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలు. వాళ్ల ప్రాణం తీసిందీ పొగే. ఆ తేదీలు నేను మరిచిపోలేను.

పాప కోసం ఎక్కినప్పుడు అతనికి మెట్లు కనిపించాయి, ఆమె ఏ గదిలో ఉందో తెలుసు. రెండోసారి చెయ్యి చాస్తే వేళ్లు కనిపించలేదు. మొదటిసారి ఎక్కడం ఎంత సరైనదో, రెండోసారి దిగడమూ అంతే సరైనది. వెనక్కి తిరిగిన మనిషిని పిరికివాడనే నోళ్లంటే నాకు కోపం. కిందికొచ్చి, ముసలమ్మ ఏ గదిలో ఉందో ఫైర్ వాళ్లకు చెప్పింది అతనే.

అదంతా చెప్పాను. ఆ మెట్లు ఎక్కి ఉంటే నిన్ను దించడానికి ఇంకొకరు ఎక్కాల్సి వచ్చేదనీ చెప్పాను. తల ఊపాడు.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చాడు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి గట్టిగా గాలి పీల్చమన్నాను. పీల్చలేదు.

"నాలుగే కద సారూ, మెట్లు" అన్నాడు.