సిలిండర్ విప్పినా గన్ను ఖాళీ కాదు

హైదరాబాద్ శివార్లలోని ఒక పెయింట్‌బాల్ గ్రౌండులో గన్నుల షెడ్డు నా చేతిలో ఉండేది. శని, ఆదివారాల్లో ఆఫీసుల వాళ్లు బ్యాచులుగా దిగేవాళ్లు. వాళ్లకు మాస్కులు తొడిగించి, గన్ను ఎత్తి చూపిస్తూ గడగడా చెప్పేవాణ్ణి: పైన రంగు గుండ్లు పోసే హాపర్, ముందు బ్యారెల్, కింద ట్రిగ్గర్, వెనక గ్యాస్ సిలిండర్. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవుల్లో 12 మంది ఈ ఆట మొదలుపెట్టారనీ, చెట్లకు రంగు గుర్తులు వేసే పిస్తోళ్లతో ఆడారనీ కథ కూడా జోడించేవాణ్ణి. ఇంత తెలిస్తే గన్ను తెలిసినట్టే అనుకున్నాను. వీటన్నిటినీ నడిపే గ్యాస్ గురించి మాత్రం నాకు ఏమీ తెలియదు.

మావి టిప్‌మన్ 98 కస్టమ్ గన్నులు. మొరటువి, బురదలో పడినా పనిచేస్తాయి. లోపల రెండు బోల్టులు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. సన్నటి కడ్డీ ఒకటి వాటిని కలుపుతుంది. పక్కనున్న పిడిని వెనక్కి లాగితే వెనక బోల్టు వెళ్లి సియర్ అనే చిన్న కొక్కేనికి తగులుకుంటుంది. ముందు బోల్టూ దాంతోపాటే జరుగుతుంది కాబట్టి, ఆ ఖాళీలోకి హాపర్ నుంచి ఒక గుండు జారి కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం వదిలేస్తుంది. స్ప్రింగు ఊపుకి బోల్టులు రెండూ ముందుకు దూకుతాయి. ముందుది గుండును బ్యారెల్లోకి నెడుతుంది, వెనకది వాల్వును గుద్దుతుంది. వాల్వు తెరుచుకున్న ఆ రెప్పపాటులో గ్యాస్ రెండు పాయలవుతుంది. ఒకటి గుండును బయటికి తరుముతుంది, రెండోది వెనక బోల్టును మళ్లీ కొక్కెం దాకా తోస్తుంది. అంటే ఒక గుండు బయటికి పోయేసరికే తర్వాతిది లోపల సిద్ధంగా ఉంటుంది. ఈ చివరి సంగతి నా బుర్రకెక్కి ఉంటే చాలా బాగుండేది.

మేం వాడింది కార్బన్ డయాక్సైడ్. 21 డిగ్రీల వేడిలో సిలిండర్‌లో దాని ఒత్తిడి సుమారు 850 పీఎస్ఐ. ఎండ ముదిరేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, దాంతో గుండు వేగమూ పెరుగుతుంది. సెకనుకు 300 అడుగులు దాటకూడదన్నది ఈ ఆటలో పాటించే హద్దు. చాలా గ్రౌండ్లు 280 దగ్గరే ఆపేస్తాయి. నేను పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు ఒక్కో గన్నూ పేల్చి, వేగం స్క్రూ సరిచేసి, ఇక సాయంత్రం దాకా దాని జోలికి పోయేవాణ్ణి కాదు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి చెయ్యి చూపించింది. మోచేతిపైన నల్లగా కమిలి, మధ్యలో చర్మం లేచింది. "ఆటలో దెబ్బలు మామూలే మేడమ్" అన్నాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అనుమానం వచ్చి గన్నులను మళ్లీ పరీక్షిస్తే, పొద్దున హద్దులో ఉన్నవే 300 దాటి కొడుతున్నాయి. ఆమెకు క్షమాపణ చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

దానికంటే పెద్ద తప్పు షెడ్డులో జరిగింది. ఆట ముగిశాక హాపర్ తీసి, సిలిండర్ విప్పి, గన్నును బల్ల మీద పెట్టేవాణ్ణి. తుడవడానికి ఒక కుర్రాడు ఉండేవాడు. "అన్నా, ఇది ఖాళీయేనా?" అన్నాడు. సిలిండరే లేదు కదా, "ఖాళీదే, తుడువ్" అన్నాను. వాడు బ్యారెల్ కవరు తీసి, లోపల రంగేమైనా అంటిందా అని ఒంటికన్నుతో తొంగి చూశాడు. తర్వాత గన్నును పక్కకు తిప్పి పట్టుకోబోతుంటే వేలు ట్రిగ్గర్‌కి తగిలింది. గుండు షెడ్డు రేకుకి కొట్టుకుని పగిలింది. వాడి ముఖానికి మాస్కు లేదు.

హాపర్ తీసినా, అప్పటికే కిందికి జారిన గుండు బోల్టు ముందే కూర్చుని ఉంది. సిలిండర్ విప్పినా, దానికీ వాల్వుకీ మధ్య గొట్టంలో కొంత గ్యాస్ మిగిలే ఉంది. ఒక్క గుండుకే కాదు, కొన్నిసార్లు రెండు మూడు గుండ్లకీ అది సరిపోతుంది. ఆ రాత్రి వాడిని ఇంటిదగ్గర దింపినప్పుడు వాళ్లమ్మ "తిన్నావా బిడ్డా" అని నన్ను అడిగింది. జరిగింది ఆమెకు చెప్పే ధైర్యం నాకు వారం తర్వాత గానీ రాలేదు.

ఇప్పుడు మా షెడ్డులో గన్ను విప్పే వరస వేరు. మాస్కు ముఖం మీదే ఉండాలి. ముందు హాపర్ తీసి, గన్నును నేలవైపు పెట్టి గుండ్లు రావడం ఆగేదాకా పేల్చాలి. అప్పుడు సిలిండర్ విప్పి, "టప్" మనే చప్పుడు పూర్తిగా పోయేదాకా మళ్లీ నొక్కాలి. సేఫ్టీ వేసి, బ్యారెల్‌కి కవరు తొడగాలి. లోపల గుండుందో లేదో హాపర్ కూర్చునే రంధ్రంలోంచే చూడాలి, బ్యారెల్ వైపు నుంచి ఎప్పుడూ కాదు. వేసవిలో మధ్యాహ్నం ఆట ఆపించి, గన్నులన్నిటి వేగం మళ్లీ చూస్తాం. ఆలస్యమవుతోందని విసుక్కునే బ్యాచులుంటాయి. అయినా ఆపిస్తాను.