పొట్టి రెక్కల చేప

బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా నా పనిలో పెద్ద భాగం సంతకాలు పోల్చి చూడడం. ఒక్క మెలిక తేడాగా ఉన్నా చెక్కు వెనక్కి పంపేవాణ్ణి. అలాంటి నేను ఒక చేప విషయంలో పైపైన చూసి తలూపాను. ఆ కథే ఇది.

మా తాతగారి కాలం నుంచీ మేం మద్రాసువాళ్లమే. ఇప్పుడుంటున్నది కొళత్తూరు పక్కన. రంగుచేపల పెంపకానికీ, అమ్మకానికీ పేరుపడ్డ చోటది. ప్లస్ వన్ చదువుతున్న మా అమ్మాయి బల్లమీద గాజుతొట్టిలో ఒక నీలం ఫైటర్ ఉండేది. పట్టుచీర కుచ్చిళ్లలాంటి రెక్కలు, పొడుగాటి తోక. మగదని చూడగానే తెలిసిపోయేది. "పాపం, ఒంటరిగా ఉంది నాన్నా. దానికి జోడీ తెచ్చిపెట్టు" అంది.

ఆదివారం అంగడికి వెళ్లి ఆడచేప కావాలన్నాను. కుర్రవాడు వరసగా సీసాలు చూపించాడు. పొట్టి రెక్కలున్న ఎర్రచేప ఒకటి నాకు నచ్చింది. రెక్కలు పొట్టివైతే ఆడదేనని ఎక్కడో విని ఉన్నాను. అదే చాలనుకొని వేలు పెట్టి చూపించింది నేనే.

సాయంత్రం రెండింటినీ ఒకే తొట్టిలో వదిలాం. మొప్పలు విప్పుకొని ఎదురెదురుగా నిలబడితే సరసమనుకొని నవ్వుకున్నాను. తెల్లారేసరికి నీలం చేప రెక్కలు పీలికలయ్యాయి. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది. అమ్మాయి ఏడవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

ఆ వారమే అప్పు రెన్యూవల్ కోసం ఒక చేపల పెంపకందారు మా శాఖకు వచ్చాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. జరిగింది చెబితే, "పొట్టి రెక్కల్లో మొగవీ ఉంటాయి సార్. ప్లాకట్ అంటారు" అన్నాడు. థాయ్ భాషలో ఆ మాటకు కరిచే చేప అని అర్థం. పొడుగు రెక్కలు మనిషి అందం కోసం ఏరి ఏరి పెంచగా వచ్చినవి.

ఆయన చెప్పిన గుర్తులు పాత వోచరు వెనక రాసుకున్నాను. ఆడదానికి పొట్టకింద, కింది రెక్క మొదలయ్యేచోట ఆవగింజకన్నా చిన్న తెల్లచుక్క ఉంటుంది. గుడ్లు బయటికి వచ్చేది అక్కడినుంచే. మగది అద్దంలో తన నీడ చూసి మొప్పలు విప్పితే కింద గడ్డంలా పొర పరుచుకుంటుంది. ఆడదానికి ఆ పొర బాగా చిన్నది. నీటిపైన నురగతో గూడు కట్టేది ఎక్కువగా మగదే. కానీ లేత మగపిల్లల్లోనూ తెల్లచుక్క కనిపించవచ్చు, అప్పుడప్పుడు ఆడదీ నురగ కట్టవచ్చు. రెండు నెలలు నిండనిదే తేల్చడం కష్టం. ఒక్క గుర్తు చాలదు, అన్నీ కలిపి చూడాలి.

"నిజంగా ఆడదైనా అలా వదలకూడదు సార్" అన్నాడాయన. ముందు గాజు అడ్డం పెట్టి ఒకదానికొకటి కనబడేలా ఉంచాలి. ఆడదాని ఒంటిమీద నిలువు చారలు తేలితే సిద్ధంగా ఉన్నట్టు. గుడ్లు పెట్టగానే దాన్ని తీసెయ్యాలి. గుడ్లను నోటితో ఏరి గూట్లో పెట్టి కాపలా కాసేది తండ్రే. ఆ సమయంలో తల్లినీ దగ్గరికి రానివ్వడు. "మామూలుగా మొగదానికి జోడీ అక్కర్లేదు సార్. ఒంటరిగానే బాగుంటుంది" అన్నాడు.

ఆ మాట దగ్గర నా కలం ఆగిపోయింది. దిగులు మాది, చేపది కాదు.

ఆ రాత్రి భూతద్దం పట్టుకొని తొట్టి ముందు కూర్చున్నాను. అమ్మాయి మాట్లాడకుండానే తన చేతి అద్దం తెచ్చి పెట్టింది. ఎర్రచేప మొప్పలు విప్పింది. కింద గడ్డం నల్లగా, నిండుగా పరుచుకుంది. తెల్లచుక్క ఎంత వెదికినా లేదు.

తమిళంలో అమ్మాయి వస్తే ఒక క్రియ, చేప వస్తే ఇంకొకటి. మన తెలుగులో రెండింటికీ 'వచ్చింది' ఒకటే. మా ఇంట్లో చేపలన్నీ 'అది' గానే చెల్లిపోయాయి. ఆడదా మగదా అని గట్టిగా అడిగే అవసరం నాకు రాలేదు.

మర్నాడు బ్యాంకుకు బయలుదేరుతుంటే అమ్మాయి వెనకనుంచి అడిగింది: "నాన్నా, వాడికి మేత వేశావా?"

చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వెళ్లాను.