నాచుకో చోటు చూపిస్తే...

అద్దాల తొట్టెలో చేపలు మొదటి నెల ముచ్చటగానే ఉంటాయి. ఆ తర్వాత అద్దం మీద పచ్చటి పొర మొదలవుతుంది. గీకితే వారానికే మళ్లీ తయారు! పోనీ మందు వేద్దామంటే నాచుతోపాటు చేపలకూ ముప్పే. పొద్దున్నే తేలిన చేపను చూసి పిల్లాడు బిక్కమొహం వేస్తే, ఏం చెప్పాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. మరెలా?

జవాబు కోసం కృష్ణా డెల్టా వాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. గుడివాడ చుట్టుపక్కల ఏ చేపల చెరువు గట్టు మీద నిలబడినా చాలు. అక్కడ రైతు ముందుగా చూసేది నీటి రంగును. లేతాకుపచ్చగా ఉంటే నిశ్చింత. చిక్కటి పచ్చగా మారితే గుబులు. మిగిలిపోయిన మేత, చేపల విసర్జన నాచుకు ఎరువవుతాయి. పగలు ప్రాణవాయువునిచ్చే ఆ నాచే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే చాలాసార్లు కారణం అదే. ఎకరాల చెరువులో జరిగేదే హాల్లోని రెండడుగుల తొట్టెలోనూ జరుగుతుంది.

అంటే నాచు పగవాడేం కాదు. నీటిలోని మలినాన్ని తిని పెరుగుతుంది, అంతే. తప్పల్లా అది పెరిగే చోటుదే. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ, నాచును కావాలనే ఒకచోట పెంచి కోసి తీసేసే పద్ధతికి 1982లో పేటెంటు పొందారు. అదే ఆల్గే స్క్రబ్బర్. చిన్న మోటారు తొట్టె నీటిని పైకి తోడుతుంది. ఆ నీరు గరుకైన ప్లాస్టిక్ జాలీ మీదుగా పల్చగా జారి మళ్లీ తొట్టెలో పడుతుంది. జాలీ మీద గట్టి వెలుగు పడుతుంటే నాచు అక్కడే గుబురుగా పెరిగి, నీటిలోని నత్రజని, భాస్వరాలను లాగేసుకుంటుంది. అద్దం మీది నాచుకు తిండి కరువవుతుంది. వారానికోసారి జాలీ తీసి గీకేస్తే సరి. ఇంట్లోనే చేసుకోవచ్చు కానీ, రెండు విషయాల్లో జాగ్రత్త తప్పదు.

వెలుగు ఎలాంటిది?

కంటికి తెల్లగా మెరిసే బల్బులన్నీ నాచుకు నచ్చవు. దానిలోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే 660 నానోమీటర్ల ఎరుపు ఎల్ఈడీలు ఎక్కువగా, 450 నానోమీటర్ల నీలం కొద్దిగా ఉన్న దీపం మేలు. అది దొరక్కపోతే పసుపు ఛాయ ఉండే వామ్ వైట్ ఎల్ఈడీ అయినా పనిచేస్తుంది. కొత్త జాలీకి మొదట్లో రోజుకు ఎనిమిది, పది గంటలు చాలు. నాచు నిలదొక్కుకున్నాక పెంచుకోవచ్చు. ఈ దీపాన్ని రాత్రి వెలిగిస్తే మరో లాభం. తొట్టె చీకట్లో ఉన్నప్పుడు జాలీ మీది నాచు ప్రాణవాయువునిస్తుంది. ఆ వెలుగు తొట్టెలోకి పడకుండా అడ్డు పెట్టాలి. లేకపోతే కథ మళ్లీ మొదటికే!

రాగి రానివ్వొద్దు

బందరులో రాగి తీగకు కొదవేముంది? చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల ఊరు కదా! కానీ జాలీ కట్టడానికి రాగి, ఇత్తడి తీగ ముక్క కూడా వాడకూడదు. చెరువుల్లో నాచును చంపే మైలుతుత్తం రాగి లవణమే. నీటిలో కరిగిన రాగి కొద్దిపాటిదైనా రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం. జింకు పూత పూసిన మేకులు, తీగలూ వద్దు. ఇక దివిసీమ ఉప్పుగాలికి ఇనుము ఎలా తుప్పుపడుతుందో అక్కడివారికి చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కాన్వాస్ జాలీని నైలాన్ దారంతో కట్టి, రంపపు బ్లేడుతో గరుకుగా గీసుకుంటే చాలు. గొట్టాలు తాగునీటికి వాడే ఐఎస్ఐ ముద్ర ఉన్నవే తీసుకోవాలి. అతికించడానికి అక్వేరియంల కోసం అమ్మే సిలికాన్ కొనాలి. బాత్‌రూమ్‌ల కోసం అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది చేపలకు విషం. అతికించాక వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా, అంటే రెండు మూడు రోజులు, నీళ్లు పోయకూడదు.

నీళ్లున్న చోట కరెంటుతో ఆటలొద్దు. 12 వోల్టుల దీపాలే వాడాలి. వాటి అడాప్టర్‌ను తొట్టెకు దూరంగా, నీళ్లు చిందని చోట పెట్టాలి. మోటారు, దీపాల వైర్లు ప్లగ్గు దగ్గరికి వచ్చేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి వెళ్లకుండా కిందే రాలిపోతుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ కుదిరాయి కదాని గుప్పెళ్లతో మేత వేయొద్దు. జాలీ ఎంత ఉండాలో తేల్చేది తొట్టె సైజు కన్నా రోజూ వేసే మేతే. రెండు నిమిషాల్లో తినేంత వేస్తే చాలు. ఆ కొలత, వారానికోసారి జాలీ గీకే పని... రెండూ పిల్లాడికే అప్పజెప్పండి. నీటి రంగు చూడ్డం వాడికీ అలవాటవుతుంది!