కారు పుస్తకానికి తెలుగు

మాది హోసూరు పక్కన ఒక చిన్న పల్లె. మా నాయన గులాబి తోట పెట్టుకున్నారు. మా అవ్వను నెలకొకసారి బెంగుళూరు ఆసుపత్రికి తీసుకొనిపోవాల. సుమారు 40 కిలోమీటర్లు బస్సులో కూర్చునేది అవ్వకు కష్టం. అందుకని రెండేండ్ల క్రిందట ఒక పాత కారు కొన్నారు. అది మాకు సోకు కాదు, అవసరం.

కారును సర్వీసుకు ఒక పెద్ద షోరూములో విడిచేవాళ్ళము. అక్కడ చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. సాయంత్రం బిల్లు చేతికిస్తారు. బిల్లంతా ఇంగ్లీషు. మా నాయనకు తమిళం మాట్లాడేకి వస్తుంది గాని చదివేది తెలుగు ఒక్కటే. అందుకని ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "మొత్తం ఎంత సార్?"

పోయిన ఏడాది కారు పొద్దున పూట స్టార్టు కాకుండా సతాయించింది. మొదటిసారి 6,400 రూపాయలు తీసుకున్నారు. వారం లోపల మళ్ళీ అదే తొందర. రెండోసారి 2,100. మూడోసారి "బ్యాటరీ కొత్తది వేయాల" అన్నారు. గులాబీలకు ధర లేని నెల అది. ఆ రాత్రి నాయన బిల్లులన్నీ నా ముందర పెట్టి, "పాపా, ఏమేమి రాసినారో ఒక్కొక్కటీ తెలుగులో చెప్పు" అన్నారు.

చదివినాను. ఇంజిన్ ఫ్లష్, ఏసీ స్ప్రే, కూలి, కూలి మీద 18 శాతం జీఎస్టీ ఉన్నాయి. పొద్దున స్టార్టు కానిదానికి ఏమి చేసినారో మాత్రం ఎక్కడా లేదు.

కారుతో వచ్చిన పుస్తకం సీటు ముందరి అరలో అట్లే ఉండింది. దానిని దినానికి రెండు పేజీలు చదివి, ముఖ్యమైనవి ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసినాను. 'కూలెంట్' అన్నచోట "ఇంజిన్‌ను చల్లగా ఉంచే నీళ్ళు, వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు" అని రాసినాను. నాయన దానిని చదివి బానెట్ తెరిచినారు. బ్యాటరీ కొనల మీద తెల్లని పొడి గడ్డకట్టి ఉండింది. ఆ పొడి కరెంటును సరిగా పోనివ్వదు.

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. వంట సోడా దానిని తటస్థం చేస్తుందని మా సైన్సు పాఠంలోనే ఉంది. నాయన చేతికి గ్లౌజు వేసుకొని ముందు నెగటివ్ తీగ విప్పినారు, తర్వాత పాజిటివ్. కారు బాడీ నెగటివ్‌కు కలిపి ఉంటుంది. పాజిటివ్‌ను ముందు విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. సోడా నీళ్ళతో, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, ఈసారి పాజిటివ్‌ను ముందు బిగించినారు. మరుసటి దినం పొద్దున కారు ఒక్క తిప్పుకే స్టార్టు అయింది. ఖర్చు పది రూపాయల సోడా.

ఇప్పుడు ఆదివారం మా ఇంట్లో కారు పని ఉంటుంది. సమంగా ఉన్న నేల మీద ఇంజిన్ ఆపి, కొంతసేపు తాళి ఆయిల్ కొలకడ్డీ చూస్తాము. ఆయిల్ రెండు గుర్తుల నడుమ ఉండాల. టైరుకు ఎంత గాలి పట్టాలో డ్రైవరు తలుపు పక్కన చీటీలో ఉంటుంది. ఏర్ ఫిల్టరు దుమ్ము దులుపుతాము. వైపర్ రబ్బరు మేమే మారుస్తాము.

అన్నీ మేమే చేస్తామని కాదు. బ్రేకు, స్టీరింగు, ఎయిర్ బ్యాగు జోలికి పోము. అవి ప్రాణంతో కూడిన పనులు. వాటికి షోరూముకే పోతాము. అయితే ఇప్పుడు నాయన "ఇది ఎందుకు మార్చినారు? తీసిన పాత సామాను చూపించండి" అని అడుగుతారు. వాళ్ళు చూపిస్తారు కూడా. పోయినసారి అడిగినప్పుడు బిల్లులో రెండు వరుసలు కొట్టేసినారు.

ఈ తొందర మా ఒక్కరిదే కాదు. విడి భాగాలు బయట దొరకనివ్వలేదని 2014లో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు పోయినాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలు కూడా ఉన్నాయి.

తెలుగు మీడియంలో చదివితే ఏమి పనికొస్తుందని మమ్మల్ని చాలామంది అడుగుతారు. తోటి విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. మీ ఇంట్లో మోటరు, మిక్సీ, బండి ఏది ఉన్నా దాని పుస్తకం తీయండి. ఒక పేజీ అయినా మీ అమ్మానాయనలకు తెలుగులో రాసి ఇవ్వండి. వాళ్ళ చేతులకు పని ముందే తెలుసు. అక్షరాలు మనం అందిస్తే చాలు.