నేత ఊళ్ల చుట్టరికం

మా జగిత్యాల, కోరుట్ల వైపు ఇళ్లలో విమానం అంటే దుబాయి, మస్కట్. ఒకరు ఎక్కుతారు, మిగతావాళ్లు శంషాబాద్‌లో నిలబడి కండ్లు తుడుచుకుంటారు. అందుకే ఇంటిల్లిపాదీ ఒకే విమానమెక్కి, ఊరు చూడడానికే క్యోటో పోవడం నాకు చాలా పెద్ద సంగతి.

బంగారు గుడి కింకాకుజినీ, చెరువులో దాని నీడనూ పిల్లలు తనివితీరా చూశారు. నా మనసు మాత్రం అక్కడి నేతవాడ నిషిజిన్ సందుల్లో ఆగిపోయింది. ఏదో ఇంట్లోంచి మరమగ్గాల చప్పుడు వస్తుంటే, సిరిసిల్లలో పుట్టి పెరిగిన అవ్వ అక్కడే నిలబడిపోయింది. బాపు పిలిచినా కదల్లేదు.

బట్టలో డిజైన్లు నేసే జకార్డ్ మగ్గం నేర్చుకు రమ్మని 1872లో క్యోటో ముగ్గురు పనివాళ్లను ఫ్రాన్సులోని లియోన్‌కు పంపింది. ఇద్దరు మగ్గాలతో తిరిగొచ్చారు. మూడో మనిషి యోషిదా చూషిచి ఎక్కిన నీల్ ఓడ 1874లో జపాన్ తీరం దాకా వచ్చి మునిగిపోయింది. ఆయనా పోయాడు. అంత దగ్గరికొచ్చి! గల్ఫ్ నుంచి పెట్టెల్లో తిరిగొచ్చిన మా వాళ్లు, బతుకుదెరువుకు భివండీ, సూరత్ వలసపోయిన నేతన్నలు వరసగా గుర్తొచ్చారు. క్యోటో పంపినవాళ్ల విద్య క్యోటోకే చేరింది. మావాళ్ల కష్టం ఎడారి మేడల్లో కలిసిపోతున్నది. సిరిసిల్ల పిల్లలనూ అట్లా నేర్చుకోవడానికే పంపి, మళ్లీ రప్పించుకునే రోజు రావాలి.