మొహర్లీ డేరాలో రెండు రాత్రులు

ప్రయాణానికి ఏమేమి కట్టుకొని పోవాలో చెప్పేవారు చాలామంది ఉంటారు. దిగినచోట పొద్దు ఎట్లా పుచ్చాలో చెప్పేవారు మాత్రం అరుదు. మొన్న సంక్రాంతి సెలవులలో మాకు ఆ అనుభవం కలిగింది గనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

చంద్రపూరులో పుట్టి పెరిగి, నలభై యేండ్లు దాటినా నేను తాడోబా అడవి చూడలేదంటే మీరు నవ్వుతారు. గుమాస్తాకు పొరుగున ఉన్న పులి కూడా దూరమే గదా! ఈసారి సాహసించి అమ్మ, నా భార్య, పదమూడేండ్ల మా అబ్బాయి, నేను వీపు సంచులు తగిలించుకొని మొహర్లీ చేరినాము. మన ఊరికి దాదాపు 30 కిలోమీటర్లు. అడవి గేటుకు ఈవల, కంచె వేసిన ఆవరణలో ఒక డేరా తీసుకొన్నాము.

తాడోబా 1955లో జాతీయోద్యానమైంది. మహారాష్ట్రలో అటువంటి వాటిలో ఇదే మొదటిది. 1986లో ఏర్పడిన అంధారి అభయారణ్యంతో కలిపి 1995లో దీనిని పులుల సంరక్షణ కేంద్రం చేసినారు. తారు అనే గ్రామపెద్ద పులితో పోరాడి ప్రాణం విడిచినాడనీ, గోండులు ఆయననే దేవుడుగా కొలుస్తారనీ చెబుతారు. చెరువు గట్టున చెట్టుకింద ఆయన గుడి ఉంది. జీపులో పోతుంటే దారి పక్కన గోండు రాజుల నాటివని చెప్పే రాతిస్తంభాలు కనబడినవి. జింకలు, చెరువులో ఒక మొసలి కూడా కనబడినవి. పులి మాత్రం అడుగుజాడలతో సరిపెట్టింది.

దానితో నాలుగు గంటలు గడిచినవి. మళ్ళీ జీపెక్కడానికి నా జేబు ఒప్పుకోలేదు. మిగిలిన ఇరవై గంటలు ఏమి చేయాలి? చీకటిపడ్డాక ఆవరణ దాటరాదని కాపలాదారు హెచ్చరించినాడు. కరెంటు పోయింది. సిగ్నల్ మొదటినుండీ లేదు, ఇక ఫోన్లకు ఛార్జీ కూడా అయిపోయింది. నిజం చెప్పవలెనంటే అబ్బాయికంటె నేనే ఎక్కువ గాభరాపడ్డాను.

మా యింట్లో ఒక విచారం ఉంది. మీలో కొందరి యిండ్లలోనూ ఉండవచ్చు. నాయనమ్మ తెలుగులో అడుగుతుంది, మనుమడు మరాఠీలో ముక్తసరిగా బదులిస్తాడు. "తిన్నవా బిడ్డా?" అంటే "హో, ఆజీ" అంటాడు. అంతటితో సరి. వాడి తప్పేమున్నది? బడి మరాఠీ, ఆట మరాఠీ. ఆఫీసునుండి రాగానే నేను ఫోనులో తలదూర్చితే వాడితో తెలుగు మాట్లాడేదెవరు?

ఆ సాయంత్రం అమ్మ వంట పొయ్యి దగ్గరనుండి ఒక బొగ్గు ముక్క తెచ్చి, డేరా ముందరి బండమీద గీతలు గీసింది. మూడు పెద్ద రాళ్ళు, పదిహేను చిన్న రాళ్ళు ఏరుకొని రమ్మని మనుమణ్ణి పంపింది. పులి-మేక ఆట! 23 కూడళ్ళు. పులి మేకమీదుగా అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్లు. పులులకు కదిలే దారి లేకపోతే మేకలు గెలిచినట్లు. పులులు తనకే కావాలని పట్టుబట్టి, వాడు మూడాటలూ ఓడినాడు.

"పులికి బలముంటది గని తోడుండది బిడ్డా. మేక ఎనక మేకను పెడితే దానికి దునకనీకి జాగ దొరకది," అన్నది అమ్మ.

కాపలాదారు తొంగిచూచి, ఇది మా వాఘ్-బక్రీయే గదా అంటూ కూర్చున్నాడు. అమ్మకు మరాఠీ బాగానే వచ్చును గాని, పంతం వస్తే ఆమె నోట తెలుగే పలుకుతుంది. ఇద్దరి మధ్య దుబాసీ మావాడే!

రెండవ రాత్రి పొడుపుకథలు. ఎవరిది వారే కల్పించాలి, తెలుగులోనే చెప్పాలి. మావాడు చాలాసేపు లాంతరువైపు చూచి, "పగలు మూలకు పంటది, రాత్రి ఇంటికి పెద్దయితది. ఏంది?" అన్నాడు. అమ్మకు జవాబు తెలుసునని ఆమె ముఖమే చెబుతున్నది. అయినా, "నాకు తోస్తలేదు బిడ్డా, నువ్వే చెప్పు," అని వాడిచేతనే చెప్పించుకొన్నది.

ఆ తరువాత, "నాయనమ్మా, నీకీ ఆట ఎవరు నేర్పిన్రు?" అని వాడు అడిగినాడు. అమ్మ మంథని నుండి కొత్తకోడలుగా వచ్చిననాడు మన ఊరిని అందరూ ఇంకా చాందా అనేవారట. 1964లో పేరు మారినా నోళ్ళు మారలేదు. ఆమెకు అప్పటికి మరాఠీ ఒక్క ముక్క రాదు. మగవారు పనికి పోయినాక, పలకరించే తోడులేక, పెరటి బండమీద పుట్టింట నేర్చిన ఈ ఆట గీసుకొని, పులులూ మేకలూ రెండూ తానే ఆడుకొనేదట. ఇన్నేండ్లలో ఈ సంగతి నేను ఎన్నడూ వినలేదు. అడిగితే గదా!

ఇంటికి వచ్చినాము. ఫోన్లకు ఛార్జీ ఎక్కింది. అబ్బాయి మారిపోయినాడని నేను చెప్పను. అయితే మా పెరటి బండమీద నల్లగీతలు నా భార్య తోమిన కొద్దీ మళ్ళీ వెలుస్తున్నవి.

మీరు ఎక్కడికైనా పోయి డేరా వేసినప్పుడు పొద్దుపోకకు పెద్ద సరంజామా అక్కరలేదు. పెద్దవారిని వెంట తీసుకొనిపోండి. ఒక బొగ్గు ముక్క చాలు. మన చంద్రపూరులో బొగ్గుకు కరువా?