ఆగస్టు పరుగుకు వేసవి లెక్క

మారథాన్ 42.195 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అది ఆగస్టు నెలాఖరున జరుగుతుంది కాబట్టి 16 నుంచి 20 వారాల శిక్షణను ఏప్రిల్, మే ఎండల్లోనే మొదలుపెట్టాలి. చలిదేశాల కోసం రాసిన పట్టికలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. వేడిలో కండరాలతో పాటు చర్మానికీ గుండె ఎక్కువ రక్తం పంపాలి. అదే వేగానికి నాడి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అందుకే సొంత ప్రణాళికలో కిలోమీటరుకు ఇన్ని నిమిషాలనే లెక్క కన్నా గుండె వేగమే నమ్మదగిన కొలత. ఆయాసపడకుండా మాట్లాడగలగడం అంతకన్నా చవకైన కొలత. శరీరం వేడికి అలవాటు పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోగా రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది.

వారంలో ఎక్కువ పరుగు నింపాదిగానే సాగాలి. కొత్తవారికి నమ్మబుద్ధి కానిది ఇదే. ఒక రోజు వేగానికి, ఆదివారం దూరానికి. ఆ దూరం మెల్లగా 30 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. చాలామందికి కండరాల్లోని గ్లైకోజన్ ఆ దరిదాపుల్లోనే అడుగంటుతుంది గనుక దారిలో తినడం, తాగడం కూడా ఆ రోజే సాధన చేయాలి. మారథాన్ దారిలోని ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్లకు కేబీఆర్ పార్కు మిట్టలు పనికొస్తాయి.

రాత్రి షిఫ్టు ఉద్యోగిని తెల్లవారుజామున నాలుగున్నరకు లేవమనే ప్రణాళిక కాగితం మీదే బాగుంటుంది. జ్వరంతో తప్పిపోయిన కిలోమీటర్లను పై వారానికి కలపకూడదు. చివరి రెండు మూడు వారాల్లో దూరం బాగా తగ్గించి, వేగపు పరుగు కొద్దిగా ఉంచుతారు.